మట్టికుండ మాట

ఉద్యోగం మానుకుంటున్నానని చెప్పడానికి ఇంగ్లీషులో ఏ మాట బాగుంటుందో మా ఆయన నన్నే అడిగాడు. మానుకోవలసింది నా ఉద్యోగం. అప్పుడు నేను దొడ్లో పీట వేసుకుని కవళ్ల చేపలు బాగుచేస్తున్నాను. జువ్వలదిన్నె నుంచి చేపల గంప తెచ్చే మనిషి ఆ పూట ఆలస్యంగా వచ్చింది. చేతులనిండా పొలుసు, బూడిద. పిల్లి నా మోకాలికి ఆనుకుని కూర్చుని ఉంది.

"లీవ్ అంటే బాగుండదు గదా," అన్నాడు వసారాలో పడక్కుర్చీలోంచి. "అంట్లు తోమే మనిషి మానేసినట్టుంటది."

"అవునండీ."

"రిజైన్?"

"అది ఆఫీసుల్లో అనే మాటే. బానే ఉంటది."

"ఊహూ. ఎవురితోనో తగాదా పడి పొయ్యినట్టుండాది. ఇంకా పెద్దరికంగా ఉండాల. నువ్వు మొన్నొకటి అన్నావే, నోరు తిరగనిది."

"రిలింక్విష్."

"అదీ!" అని కుర్చీ చెయ్యిమీద చరిచాడు. "రిలింక్విష్. వింటుంటేనే సిల్కు కండువా వేసుకున్నట్టుండాది."

నేను చేప తలకాయ తుంచి పిల్లికి వేశాను. రిలింక్విష్ అంటే తనదైనదాన్ని తానుగా వదులుకోవడం. అయితే అది నాదేనని ఆయనకు తెలుసన్నమాట అనుకున్నాను. ఇంకో చేప అందుకున్నాను.

ఎందుకు వదులుకుంటున్నానో ఆ ముక్క ఆయనే కట్టాడు, ఎప్పుడో నేనిచ్చిన మాటలతోనే. డొమెస్టిక్ సర్కమ్‌స్టాన్సెస్. ఇంటి పరిస్థితులు. ఆ పరిస్థితుల బలవంతాన నా పోస్టు వదులుకుంటున్నానని రేపు పొద్దున నేను మా మిషను బడి నడిపే దొరసాని ముందు నిలబడి చెప్పాలి. మా దొరసాని రాజీనామా కాగితాలు ముందుగా తీసుకోదు. పంతులైనా పంతులమ్మైనా మానుకునేవాళ్లు తన గదికి వచ్చి నోటితో చెప్పాలి, కాగితం తర్వాత. అది ఆమె పెట్టుకున్న పద్ధతి. ఆమెకు తెలుగు వంటమనిషితో మాట్లాడేంత మాత్రమే వచ్చు, కాబట్టి ఇంగ్లీషులోనే చెప్పాలి.

"ఏదీ, మొత్తం ఒకసారి అను," అన్నాడు.

"ఐ యామ్ కంపెల్డ్ బై డొమెస్టిక్ సర్కమ్‌స్టాన్సెస్ టు రిలింక్విష్ మై పోస్ట్," అన్నాను కవళ్లు కడుగుతూ.

గడపలో కాళ్లు చాపుకుని కూర్చున్న మా అత్త రెబెక్కమ్మ నవ్వింది. "ఏందిరా సంజీవీ, ఆదివారం బడిలో పిలకాయల చేత వాక్యం కంఠతా పట్టించినట్టు పట్టిస్తుండావే!"

"వాక్యమేనమ్మా. తప్పకుండా ఒప్పజెప్పాల," అన్నాడు ఆయన.

అత్త మళ్లీ నావైపు తిరిగింది. "బియ్యం కడిగినావా అమ్మే? పిడికెడు తీసినావా?"

తీశాను. మా చర్చి స్త్రీల సమాజం నియమం అది. పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడల్లా కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వెయ్యాలి. ఆదివారం ఆ కుండ గుడికి పోతుంది. నేను పిడికిలి పట్టేటప్పుడు అత్త కళ్లు నా వేళ్లమీదే ఉంటాయి. వేళ్లు విచ్చితే, "దేవుడికి చాలు, ఇంట్లో వాళ్లకు కూడా ఉండాల" అంటుంది. బిగిస్తే, "నీ చెయ్యి ఎండిపొయ్యిందా" అంటుంది. అన్నేళ్లూ ఆ ఇంట్లో నేను పిడికిలి సరిగ్గా పట్టిన రోజు లేదు.

మా పెళ్లయిన కొత్తలో ఆయన తాలూకాఫీసులో చిన్న గుమాస్తా. ఇంగ్లీషు రాదనను. వచ్చు. కానీ ఏ మాట ఎవరి ముందు వాడాలో తెలియదు. సెలవు కావాలని తాసీల్దారుకు 'ఐ వాంట్' అని రాసి చీవాట్లు తిని వచ్చాడు. "వాంట్ అనేదానికి నువ్వేమన్నా కలెక్టరువా అన్నాడే" అని గోడకు తల ఆనించుకుని కూర్చున్నాడు. జాలేసింది. కొత్త పెళ్లికూతుర్ని, జాలి ఎక్కువ. 'వాంట్' తీసేసి 'రిక్వెస్ట్' పెట్టమన్నాను. పెట్టాడు. సెలవు వచ్చింది, మెప్పు కూడా వచ్చింది. ఆ రోజుతో నేను ఆ ఇంట్లో రోలు, తిరగలి పక్కన ఇంకొక సామానుగా కుదిరిపోయాను.

"గెట్ కంటే పెద్దది ఏందే?"

"అబ్‌టెయిన్." ఇది పిండి రుబ్బుతూ.

"సారీ కంటే?"

"రిగ్రెట్." ఇది దొడ్లో మా పాపకు ముడ్డి కడుగుతూ అరిచిన మాట. మర్నాడు అదే మాట ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నెల్లూరు కలెక్టరాఫీసుకు పోయింది.

అలా ఎన్ని పోయాయో. పొయ్యి దగ్గర పుట్టి, పొగలో దగ్గి, వసారాలోకి పోయేసరికి సంజీవరావుగారి మాటలయ్యేవి. సంజీవరావు ఇంగ్లీషంటే తాలూకా మొత్తానికి పేరు. ఎవరైనా భోజనానికి వస్తే నేను 'ప్లీజ్ ఈట్' అంటే చాలు, "ఈట్ గాదు, హావ్ యువర్ మీల్ అనాల. ఎంత చదివినా పల్లె వాసన పోదు" అని అతిథి ముందే దిద్దేవాడు. 'మీల్' ఆయనకు చెప్పింది నేనే. అతిథి నవ్వేవాడు. నేను మజ్జిగ తేవడానికి లోపలికి పోయేదాన్ని.

పల్లె వాసన నిజమే. మా అమ్మ ఇప్పటికీ ఇసకపల్లెలో నాట్లకు పోతుంది. నన్ను చిన్నప్పుడే మిషను హాస్టల్లో వేశారు. అక్కడినుంచి గుంటూరులో కాలేజీ, ట్రైనింగు. అల్లూరులో ఈ బడికి వచ్చేనాటికి నాకు పెళ్లి కాలేదు. ఆ బడి నాకు మొగుడికంటే పాతది.

ఆయనకు నా ఉద్యోగంతో ఇన్నాళ్లూ పేచీ లేదు. జీతం నెల తిరిగేసరికి అత్త కొంగున ముడిపడుతుంది, పేచీ ఎందుకుంటుంది? పేచీ ఆఫీసు వాళ్లు ఇచ్చిన టీపార్టీతో వచ్చింది. కొత్తగా ఒక అరవ ఆఫీసరు బదిలీమీద వచ్చాడు. గుమాస్తాలందరినీ భార్యలతో రమ్మన్నారు. ఆఫీసరుకు తెలుగు రాదు. మనవాళ్ల ఆడవాళ్లు ఆయన ఏది అడిగినా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. నా దగ్గరికి వచ్చి ఏం చేస్తుంటారని అడిగాడు. చెప్పాను. పిలకాయలు ఎక్కడినుంచి వస్తారన్నాడు. సముద్రం ఒడ్డు పాళేలనుంచి, తడి ఇసక కాళ్లతో వస్తారని, క్లాసు అయ్యేసరికి బల్లల కింద ఇంకో చిన్న సముద్రం ఒడ్డు తయారవుతుందని చెప్పాను. ఆయన పడీపడీ నవ్వాడు. ఇంకా అడిగాడు, ఇంకా చెప్పాను. ఎన్నాళ్లకో నా మాట నా నోట్లోంచే నేరుగా బయటికి పోయింది. చేతిలో టీ చల్లారిపోయింది కూడా తెలియలేదు.

అప్పుడే పద్మనాభయ్యగారు, ఆయన కూడా అక్కడ గుమాస్తానే, గట్టిగా అన్నాడు: "సంజీవరావుగారూ, ఇన్నాళ్లూ మీ డ్రాఫ్టులు చదివి మీరు రాసినయ్యే అనుకుంటుంటిమి. ఇప్పుడు గొంతు తెలిసిపొయ్యింది సామీ! మనిషి వసారాలో, ఇంగ్లీషు వంటింట్లో!"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం నాకంటే చాలా ముందు నడిచాడు. పాప నా చంకలో నిద్రపోయింది. ఏమండీ, కాస్త ఆగండి అంటే ఆగలేదు.

ఆ వారంలోనే చెప్పాడు. "రేపో మాపో హెడ్‌గుమాస్తా అవుతుండా. హెడ్‌గుమాస్తా పెళ్లాం సుద్దముక్కలు పట్టుకోని బడికి పోతే బాగుంటదా?" అత్త మోకాళ్ల నొప్పులు చెప్పింది. కావలిలో ఉండే మా ఆడపడుచు సామ్రాజ్యం మూడో పురిటికి వస్తూ, "వదిన ఇంటిపట్టున ఉంటే నాకేం భయంలే" అని కబురు పంపింది. ఆడదాని ఒళ్లు హూనం చేసే పని ఏదైనా పొగడ్త రూపంలోనే వస్తుంది. ఇన్ని కారణాలు చెప్పారు కానీ టీపార్టీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆయన ముందుగా తానే పోయి దొరసానితో ఒక మాట వేసి వచ్చాడు. "ఒప్పుకున్నట్టే. పాపం, బాధపడింది," అన్నాడు.

"ఏమనిందండీ?"

"'ఐ షుడ్ బి సారీ టు లూజ్ హర్' అనింది. నువ్వే వచ్చి చెప్పాలంట, అంతే."

నా చేతిలో గరిటె ఆగింది. ఆ దొరసాని కింద అన్నేళ్లు పనిచేసినదాన్ని. ఆమె 'పర్‌హాప్స్ యు మైట్' అంటే పరుగెత్తాలి. 'హౌ ఇంటరెస్టింగ్' అంటే నోరు మూసుకోవాలి. 'పోతే బాధగా ఉంటుంది' అంటే, ఆమె పంపదని. ఆ మెత్తదనం వెనకాల ఉన్న గోడ ఆయనకు కనబడలేదు. నాకు కనబడింది. కానీ ఆ గోడకు నేను ఆనుకోవాలంటే ముందు నేను నోరు తెరవాలి. దొరసాని నామీద ప్రేమతో అనిందనుకునేంత వెర్రిదాన్ని కాదు. ఆ జీతానికి మూడు తరగతులకు పాఠం చెప్పి, ఆదివారం పాటలు కూడా నేర్పే మనిషి ఇంకొకతె దొరకదు. ఆమె లెక్క ఆమెది. అయినా ఆ లెక్కలో నేను ఒక మనిషిని. ఇంట్లో ఏ లెక్కలో ఉన్నానో తెలియదు.

కవళ్లు బాగుచేసిన మర్నాడు పొద్దున మొదటి పాఠం నాదే. ఆయన తొమ్మిదింటికి ఆఫీసులో సంతకం పెట్టి వస్తానన్నాడు, ఆయన వచ్చాకే దొరసాని గదికి పోవాలి. బడిదాకా నడుస్తూ ఆ వాక్యాన్ని నెమరువేసుకున్నాను. ఒళ్లంతా పులిసిపోయి ఉంది. నిజం చెప్పొద్దూ, మానేస్తే ఒక చాకిరీ అయినా తగ్గుతుంది గదా అని కూడా ఒక నిమిషం అనిపించింది. అలిసిపోయినదానికి ఏ గుంట చూసినా పక్కలాగే కనబడుతుంది.

పాఠం మాటల తేడాలమీద. నేను ఎప్పుడూ గిన్నెలు పెట్టి చెబుతాను. ఇంట్లో నీళ్లు తాగడానికి మట్టికుండలో ముంచిన ముంత. పక్కింటివాళ్లొస్తే ఇత్తడి చెంబు. మునసబుగారొస్తే, ఉన్నవాళ్లింట్లో వెండి గ్లాసు. నీళ్లు అవే. 'ఆస్క్' ముంత, 'రిక్వెస్ట్' చెంబు, 'సొలిసిట్' వెండి గ్లాసు. పిలకాయలు ఇట్టే పట్టేస్తారు.

"'హెల్ప్', 'అసిస్ట్'. ఏది ఏ గిన్నె?" అన్నాను.

"హెల్ప్ ముంత, అసిస్ట్ వెండి గ్లాసు!" అని అరిచారు.

పట్టపుపాళెం చిన్నపోలయ్య కూతురు కావేరి లేచింది. "మా నాయనోళ్లు వల లాగేటప్పుడు మేము గూడా లాగితే హెల్పా అసిస్టా టీచరమ్మా?"

"హెల్ప్."

"అసిస్ట్ అంటే కూలిస్తారేమో?"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. "సరే. పడవ తిరగబడింది. నీళ్లలో మునిగిపోతుండేవాడు ఏ మాట అరవాల?"

"హెల్ప్!" అన్నారు అందరూ.

"అసిస్ట్ అనకూడదా?"

"అది నోరు తిరిగేలోపల మునిగిపోతాడు టీచరమ్మా," అంది కావేరి.

ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నేను బోర్డువైపు తిరిగి రాసింది తుడుస్తూ ఉండిపోయాను. తుడిచిందే తుడిచాను. కిటికీలోంచి గేటు దగ్గర ఇస్త్రీ చొక్కా కనబడింది.

దొరసాని గదిలో ఆయనకు, నాకు రెండు కుర్చీలు వేయించింది. ఆయన కుర్చీ అంచుమీద కూర్చున్నాడు. నేను కొంగు భుజంనిండా కప్పుకుని కూర్చున్నాను. చేతులకు ఇంకా నిన్నటి కవళ్ల వాసన ఉంది, పసుపుతో రుద్దినా పోలేదు.

"వెల్, కరుణా?" అంది దొరసాని.

వాక్యం నాలుకమీదే ఉంది. "ఐ యామ్ కంపెల్డ్..." అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది. ఆగాను.

"బై డొమెస్టిక్..." అని పక్కనుంచి మెల్లగా అందించాడు మా ఆయన. ఆదివారం బడిలో వాక్యం మరిచిపోయిన పిల్లకు అందించినట్టు.

దొరసాని ఆయనవైపు కాస్త చెయ్యి ఎత్తింది. ఆగమని.

డొమెస్టిక్ సర్కమ్‌స్టాన్సెస్. నిన్న సాయంత్రం నుంచి మోస్తున్న ఆ మాటను అప్పుడు మొదటిసారి ఎదురుగా పెట్టుకుని చూశాను. ఎంత పెద్ద మాట! ఇల్లంతా పడుతుంది అందులో. అత్త మోకాళ్లు, సామ్రాజ్యం పురుడు, రోలు, దొడ్డి, చంకలో పాప, టీపార్టీ నవ్వు. అన్నీ పడతాయి, ఒక్క మనిషి తప్ప. ఆ మాటకు ముఖం లేదు. పేరు లేదు. మీసం లేదు. ఎవరో బలవంతపెడుతున్నారని తెలుస్తుంది కానీ ఎవరో తెలియదు. నేనే ఏరిచ్చిన మాటలు నిగనిగా మెరుస్తూ ఆయన్ను దాచేశాయి. ఇన్నేళ్లూ నేను ఆయనకు తోమిచ్చిన వెండి గ్లాసులన్నీ ఇందుకే పనికొచ్చాయి.

పెద్ద మాట ఇంకోటి వెతకగలను. దొరసానికి అర్థమై, ఆయనకు సగం అర్థంకాకుండా జారిపోయేలా నా మనసులో మాట చెప్పగలను. అది నాకు చేతనవును. కానీ ఆయనకూ అర్థం కావాలి. ప్రతి ముక్కా అర్థం కావాలి. ఒకటో ఫారం పిల్లకు కూడా తెలిసిన మాటల్లో చెప్పాలి. మొదటిసారి ఆయన కాగితంలోంచి నేను తీసిపారేసిన మాట ఒకటుంది. అది గుర్తొచ్చింది.

"మై హస్బెండ్ వాంట్స్ మి టు స్టాప్," అన్నాను. "ఐ వాంట్ టు టీచ్."

అంతే. పట్టున పది మాటలు. అన్నీ మట్టికుండలోవే.

ఆయన కుర్చీ కిర్రుమంది. దొరసాని నాకేసి చూసింది, ఆయనకేసి చూసింది. "థాంక్యూ, కరుణా. దట్ ఈజ్ ప్లెయిన్," అంది. బెల్లు కొట్టారు. "యువర్ క్లాస్ ఈజ్ వెయిటింగ్," అంది. నేను లేచాను. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి ఆయన గొంతు వినబడింది: "మేడమ్... ది సర్కమ్‌స్టాన్సెస్..." ఆ తర్వాతి మాట కోసం ఆయన తడుముకుంటున్నాడు. నేను వరండా చివరిదాకా వెళ్లేవరకూ అది దొరకలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గడపలో అత్త ఉంది. "ఏందమ్మే, వాక్యం ఒప్పజెప్పినావా?"

"తప్పినాను అత్తా."

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొదలుపెట్టింది. మా అమ్మ నాట్లనుంచి మొదలై నా చదువుదాకా అన్నీ వచ్చాయి. "సామ్రాజ్యానికి పురుడెవురు పోస్తారే? నీ దొరసాని పోస్తదా?"

"నాలుగ్గంటలకు బడి వదుల్తారు. వచ్చి నేనే పోస్తాలే అత్తా," అన్నాను.

నిజమే, నేనే పోస్తాను. ఏ చాకిరీ తగ్గదు. పాప లంగా మార్చాను, నీళ్లు తోడాను, పొయ్యి ముట్టించాను. నడుము రోజూలాగే పట్టేసింది. గెలిచినవాళ్లకు బలం వస్తుందంటారు, నాకేం రాలేదు. పొగకు కళ్లు మండాయి, అంతే.

ఆయన వచ్చాడు. వసారాలో లాంతరు ముందు కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. దొరసానిమీద మద్రాసులో ఉండే మిషను పెద్దలకు ఫిర్యాదు రాస్తున్నాడని అత్త నాకు వినబడేలా పాపకు చెప్పింది. చాలాసేపు రాశాడు, కొట్టేశాడు, రాశాడు. నేను చేటలో బియ్యం ఏరుతున్నాను.

"ఏమే," అని పిలిచాడు. అలవాటు. కోపం కంటే అలవాటు పాతది. "యాంగ్రీ అంటే పిలకాయల మాటగా ఉండాది. దానికి పెద్దమాట ఏందే?"

అలాంటివి నాకు నాలుగు తెలుసు. ఒకటి అచ్చం ఆయన ఫిర్యాదుకే పుట్టినట్టుండేది కూడా తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది.

బియ్యంలోంచి పిడికెడు తీశాను. వేళ్లు బిగించి, సమాజం కుండలో వేశాను. అత్త చూస్తోంది, చూడనీ. ఎసరు మరుగుతోంది.

"ఏమే, నిన్నే. ఏం మాట?"

"నాకు తెలీదండీ," అన్నాను. అన్నేళ్లలో నాకంటూ పక్కకు తీసిపెట్టుకున్న మొదటి పిడికెడు అది.